బండ్లు లేని బాట: కొండల్లో, లోయల్లో సైకిలు దారులు

ఈ నెల గోడపత్రికకు మన శాఖ ఇచ్చిన అంశం 'బాట'. చాలామంది కవిత రాస్తారని తెలుసు కాబట్టి నేను సైకిలు గురించి రాస్తున్నాను. కార్లూ లారీలూ లేకుండా, అడవి కొండల మధ్యగా, ఏటి లోయల వెంబడి రోజుల తరబడి సైకిలు తొక్కుకుంటూ పోగలిగే దారులు లోకంలో ఉన్నాయి. అవి ఎలా పుట్టాయి? మన పోదనూరు చుట్టుపక్కల ఎందుకు లేవు? రావాలంటే ఏం కావాలి? ఈ మూడు ప్రశ్నలకు నాకు దొరికిన జవాబులు ఇవి.

1. ఆ దారులు ఎక్కడివి?

సైకిళ్ల కోసమని కొండను తొలిచినవాళ్లు అరుదు. పేరున్న దారుల్లో చాలావరకు వేరే పనికి వేసి, ఆ పని ముగిశాక మిగిలిపోయినవే. జర్మనీలోని పాసావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబు నది పక్కనే సుమారు 300 కి.మీ. సైకిలు దారి ఉంది. ఆవిరి పడవలు రాకముందు సరుకు పడవలను ప్రవాహానికి ఎదురుగా గుర్రాలు లాగేవి. ఆ గుర్రాలు నడిచిన గట్టే చాలాచోట్ల ఈనాటి దారి.

రెండో రకం, మూతపడ్డ రైలు దారి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్ నుంచి స్పార్టా వరకు 1960లలో ఒక రైలు మార్గం ఆగిపోయింది. పట్టాలు పీకేసి, ఆ 51 కి.మీ. కట్టను సైకిళ్లకు ఇచ్చారు. దానిలో మూడు సొరంగాలు ఉన్నాయి. అక్కడ సైకిలు దిగి, దీపం పట్టుకుని నడిపించుకుంటూ పోవాలి. స్పెయిన్ దేశం 1993 నుంచి ఇదే పని పెద్ద ఎత్తున చేసింది. అక్కడ ఇప్పుడు 3,000 కి.మీ.కు పైగా 'పచ్చదారులు' ఉన్నాయి. పాత స్టేషన్లలో కొన్ని బసలయ్యాయి, కొన్ని భోజనశాలలయ్యాయి. ఈ స్టేషన్ల సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

2. రైలు దారే ఎందుకు సుఖం?

మా తాత రైల్వేలో పనిచేశారు. "రైలుకి కొండంటే బయం, అమ్మణీ" అంటారు. నున్నటి ఇనుప పట్టా మీద నున్నటి ఇనుప చక్రం ఎక్కువ వాలు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకే రైలు దారి వేసేవాళ్లు కొండను తవ్వో, పల్లాన్ని పూడ్చో, చుట్టు తిప్పో వాలును తగ్గిస్తారు. పట్టాల పక్కన చిన్న పలకల మీద 100, 150 అని అంకెలు మీరూ చూసే ఉంటారు. 100 అంటే వంద మీటర్లు ముందుకు పోతే ఒక్క మీటరు ఎత్తు మారుతుందని.

లెక్క వేద్దాం. నూటికి ఒకటి వాలులో కిలోమీటరు తొక్కితే 10 మీటర్లు ఎక్కుతాం, అంటే మూడంతస్తుల మేడ. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో మొదలైన నీలగిరి రైలు దారిలో కొన్నిచోట్ల వాలు పన్నెండుకు ఒకటి. అక్కడ ఇంజను పళ్ల పట్టాను పట్టుకుని పాకుతుంది. ఆ వాలులో కిలోమీటరుకు 83 మీటర్లు ఎక్కాలి, ఇరవై అయిదు అంతస్తుల పైమాటే. పళ్ల పట్టా లేని మామూలు రైలు దారి అయితే మన అమ్మమ్మ కూడా తొక్కగలదు. వాల్పారై ఘాటులో 40 హెయిర్‌పిన్ మలుపులు తొక్కాలంటే పందెగాళ్లే కావాలి.

మన ఊరికి ఈ విషయంలో అదృష్టం ఉంది. 1862లో మద్రాసు నుంచి పడమటి తీరంలోని బేపూరుకు వేసిన రైలు దారి పోదనూరు మీదుగా పోయింది. కారణం పాలక్కాడు కనుమ. గోడలా నిలబడ్డ పడమటి కనుమలలో అది సుమారు 30 కి.మీ. వెడల్పున్న వాకిలి. కాబట్టి పోదనూరు నుంచి పడమటికి సైకిలు మీద పోయేవాళ్లకు ఎక్కుడు బాధ తక్కువ. గాలి బాధ మాత్రం ఉంది. నైరుతి గాలి ఆ వాకిలిలోంచే దూరి వస్తుంది. ఆడి మాసం గాలికి అమ్మి రాయి కూడా ఎగురుతుందని తమిళంలో ఊరికే అనలేదు.

3. మన పక్క చచ్చిపోయిన ఒక రైలు

మన దక్షిణ కొండల్లో నిజంగా మాయమైన రైలు ఒకటుంది, మున్నారులోని కుండల లోయ రైలు. 1902లో అది ఒకే పట్టా మీద నడిచే బండి. బరువు ఆ పట్టా మీద ఉంటే, పక్కకు పడకుండా మరో చక్రం రోడ్డు మీద దొర్లేది. లాగింది ఎద్దులు. 1908లో దాన్ని రెండడుగుల వెడల్పు పట్టాల చిన్న రైలుగా మార్చారు. తేయాకు పెట్టెలు దానిమీద టాప్ స్టేషన్‌కు వచ్చి, అక్కడి నుంచి రోప్‌వే మీద కొట్టగుడికి దిగి, బోడినాయకనూరు చేరేవి. బోడి అంటే మనకు పరాయి ఊరు కాదు. మదురై నాయకుల కాలం నాటి 72 పాళెయాలలో ఒకటి, తెలుగు మాట్లాడే నాయకర్లు ఏలిన చోటు.

1924 వరదలో ఆ రైలు కొట్టుకుపోయింది, మళ్లీ వేయలేదు. కొల్లం శకం 1099లో వచ్చింది కాబట్టి మలయాళీలు ఆ వరదను 'తొంభైతొమ్మిది వెల్లువ' అంటారు. ఇప్పుడు ఆ లోయలో పర్యాటకుల కార్ల రోడ్డు ఉంది. సైకిలు దారి కాదగిన లోయను మనం కార్లకు ఇచ్చేశాం.

అలాగని ఆగిన రైలు దారులన్నీ సైకిళ్లకు ఇచ్చేయాలని నేను అనను. మదురై–బోడి మీటర్‌గేజి రైలు 2010 చివర ఆగింది. బోడికి బ్రాడ్‌గేజి రైలు 2023 జూన్‌లో వచ్చింది. పన్నెండేళ్లు ఆ కట్ట మీద రైలు లేదు. కానీ ఆ ఊరివాళ్లు ఎదురుచూసింది రైలు కోసమే. బీదవాడి టికెట్టు తీసేసి షికారు దారి వేయడం న్యాయం కాదు. మన దేశంలో పాత కట్టలు చాలావరకు మళ్లీ రైలుకే పనికొస్తున్నాయి. మనకు స్పెయిన్ లాంటి దారులు లేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం, మంచి కారణం కూడా.

4. అడవిలో ఖాళీ దారి ఎవరిది?

సత్యమంగళం అడవిలో దింబం ఘాటు రోడ్డు మీద, మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2022 ఫిబ్రవరి నుంచి రాత్రి వాహనాలకు అడ్డు పెట్టారు. 'బండ్లు లేని కొండ దారి' అని మనం సంబరపడనక్కర్లేదు. అది సైకిళ్ల కోసం ఖాళీ చేసింది కాదు, ఏనుగులకూ చిరుతలకూ ఇతర జంతువులకూ వదిలింది. మన మదుక్కరై దాటితే నవక్కరై దగ్గర 2021 నవంబరులో రైలు తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. ఆ తర్వాత 2024లో అటవీ శాఖ అక్కడ పట్టాల పక్కన కృత్రిమ మేధ కెమెరాలు పెట్టింది. చప్పుడు లేకుండా వచ్చే సైకిలు ఏనుగుకు ఇంకా పెద్ద ఉలికిపాటు.

కొట్టగుడి పక్కనే కురంగణి ఉంది. 2018 మార్చిలో అక్కడి కొండ కాలిబాటలో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది యువతులు. బండ్లు లేనంతమాత్రాన అపాయం లేనట్టు కాదు. ఎండాకాలపు గడ్డికొండ కారు కంటే వేగంగా చంపగలదు. అందుకని నా అభిప్రాయంలో మనకు కావలసిన దారి అడవి లోపల కాదు, అడవి అంచున, ఏటి గట్టున.

5. మన సంగతి

1991–92లో పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలు నేర్చుకోవడాన్ని కూడా చేర్చారు. దాదాపు లక్షమంది ఆడవాళ్లు సైకిలు నేర్చారు. అక్షరమూ సైకిలూ ఒకే పాఠంలో నేర్పిన జిల్లా అది. ఇప్పుడు మా బెంచీలో అందరికీ ప్లస్ వన్‌లో సర్కారు ఇచ్చిన సైకిలు ఉంది. తొక్కేది మాత్రం తమ్ముళ్లు.

మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. వద్దనడంలో రెండు వైపులా ఒకటే మాట, కారణాలే వేరు. అమ్మ లారీలకు భయపడుతుంది. అవ్వ మనుషులకు భయపడుతుంది. బండ్లు లేని దారి అమ్మ భయం తీరుస్తుంది గానీ అవ్వ భయాన్ని పెంచుతుంది. ఒంటరి దారి ఆడపిల్లకు మంచి దారి కాదు. అందుకే స్పెయిన్ స్టేషన్లను గుర్తుపెట్టుకోమన్నాను. కొన్ని మైళ్లకొకచోట దీపం, నీళ్లు, మరుగుదొడ్డి, టీ కాచే అక్క ఉంటేనే అది మన దారి. బండ్లు లేకపోవాలి, మనుషులు ఉండాలి.

వెళ్లియంగిరి కొండల్లో పుట్టే నొయ్యల్ ఏరు కోయంబత్తూరు మీదుగా పారి కావేరిలో కలుస్తుంది. దాని నీటితో నిండే చెరువులు ఊరి చుట్టూ ఉన్నాయి, మన కురిచ్చి కుళం వాటిలో ఒకటి. ఆ చెరువు గట్లనూ కాలువ గట్లనూ కలిపితే కొండ అంచు దాకా వాలు తక్కువైన దారి దొరుకుతుంది. కొత్తగా కొండ తవ్వే పని లేదు, చెట్టు కొట్టే పని లేదు.

పదాలు (తెలుగు – మన ఇళ్లలో వినే తమిళం): కనుమ – కణవాయ్. వాలు – సరివు. గట్టు – కరై. లోయ – పళ్లత్తాక్కు. హెయిర్‌పిన్ మలుపు – కొండై ఊసి వళైవు. ఆఖరిదానికి 'సిగపిన్ను మలుపు' అంటే ఎలా ఉంటుంది? మేడమ్‌లు చెప్పాలి.

అభ్యాసం: (1) కిలోమీటరుకు 25 మీటర్లు ఎక్కే దారి వాలు ఎంతకు ఒకటి? (2) మీ ఇంటి నుంచి కురిచ్చి కుళం గట్టు దాకా లారీ రోడ్డు తగలకుండా రాగలరా? కాగితం మీద గీసి, ఈ పత్రిక కింద గుచ్చండి. పది గీతలు వస్తే ఒక పటం అవుతుంది. పటం ఉంటే కార్పొరేషన్‌కు ఇవ్వడానికి మన చేతిలో ఒక అర్జీ ఉన్నట్టే. తమ్ముళ్ల దగ్గర సైకిళ్లు మాత్రం ఈలోపే అడిగి తీసుకోండి.