తెలుగు క్రైస్తవ కీర్తనలు – కీర్తనకారులు : ఒక పరిశీలన

సాహిత్యం మతానికి చెందినదా, భాషకు చెందినదా అనే ప్రశ్న ఉర్దూ, తెలుగు భాషలు రెండూ ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాలలో సహజంగా ఉదయిస్తుంది. మన ప్రాంత చరిత్రయే ఇందుకు సమాధానం చెబుతున్నది. గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడారు. పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో రచించిన యయాతి చరిత్రను అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. పిఠాపురపు ఉమర్ ఆలీషా తెలుగు పద్యకవిగా కీర్తి గడించారు. గుర్రం జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. వీరందరినీ మనం తెలుగు సాహిత్యంలో భాగంగానే చదువుకుంటున్నాము.

అయితే ఇదే కోవకు చెందిన ఒక విస్తారమైన వాఙ్మయం సాహిత్య చరిత్రలలో తగిన స్థానం పొందలేదు. ప్రొటెస్టంటు సంఘాలవారు ఆరాధనలో పాడుకొనే కీర్తనలే ఆ వాఙ్మయం. ఇవి ప్రార్థనా సాధనాలు మాత్రమే కావనీ, తెలుగు కీర్తన సాహిత్యంలో ఒక శాఖ అనీ చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాశ్చాత్య దేశాలలో గీతం

సామాన్య జనులు తమ భాషలో కూడి పాడాలనే ఆశయం ప్రొటెస్టంటు ఉద్యమంతో బలపడింది. మార్టిన్ లూథర్ కృషి ఫలితంగా 1524లో జర్మన్ భాషలో గీతాల సంపుటాలు వెలువడ్డాయి. ఇంగ్లండులో ఐజాక్ వాట్స్ (1674–1748) ఈ ప్రక్రియకు పునాది వేశాడు. మెథడిస్టు ఉద్యమ నాయకులలో ఒకడైన చార్లెస్ వెస్లీ (1707–1788) వేల సంఖ్యలో గీతాలు రచించాడు. బానిసలను తరలించే ఓడకు కప్తానుగా పనిచేసిన జాన్ న్యూటన్ (1725–1807) తరువాత మతాచార్యుడై వ్రాసిన 'ఎమేజింగ్ గ్రేస్' 1779లో అచ్చయింది. పసితనంలోనే చూపు కోల్పోయిన అమెరికా కవయిత్రి ఫానీ క్రాస్బీ (1820–1915) కూడ వేలాది సువార్త గీతాలు రచించింది. పండితుడు, ఓడ కప్తాను, అంధురాలు – ఇలా భిన్న జీవితాల నుండి ఈ పాటలు పుట్టాయి.

ఈ గీతాలు మన ప్రాంతానికి సైన్యంతోను, మిషనరీలతోను వచ్చాయి. హైదరాబాదు కంటింజెంటు దళాలకు నెలవైన బొల్లారంలో 1847లో హోలీ ట్రినిటీ చర్చి నిర్మితమైంది. 1983 నవంబరు 20న రెండవ ఎలిజబెత్ రాణి అక్కడి ఆరాధనలో పాల్గొన్నది. ఇట్టి దండు చర్చిలలో మొదట వినిపించినది ఇంగ్లీషు గీతమే. 1870ల చివరి నుండి సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసిన వెస్లియన్ మిషనువారు చార్లెస్ వెస్లీ సంప్రదాయానికి వారసులు. వారి సేవ మెదకు వరకు వ్యాపించి, 1924లో అక్కడ మహాదేవాలయ ప్రతిష్ఠకు దారితీసింది.

రెండు ఛందస్సుల సంఘర్షణ

ఇంగ్లీషు గీతాన్ని దాని బాణీ చెడకుండా తెలుగులో పాడవచ్చునా? పాడవచ్చును గాని భాష కొంత నలిగిపోతుంది. కారణం ఛందస్సులోనే ఉన్నది. ఇంగ్లీషు గీతం అక్షరాల సంఖ్యపైన, ఉచ్చారణలోని ఊనికపైన ఆధారపడుతుంది. ఎనిమిది, ఆరు, ఎనిమిది, ఆరు అక్షరాల పాదాలతో నడిచే పద్ధతి వారికి సర్వసాధారణం. తెలుగు పాట మాత్రల లెక్కపైన, గురు లఘువుల పైన నిలుస్తుంది. మన భాషలో స్వరం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది. 'కలము' వేరు, 'కాలము' వేరు. 'పడు' వేరు, 'పాడు' వేరు. పరాయి బాణీలో ఊనిక పడిన చోట హ్రస్వం సాగిపోతుంది, ఊనిక లేని చోట దీర్ఘం కుంచించుకుపోతుంది. పాడేవాడికి తెలిసిన మాటే వినేవాడికి తెలియని మాటగా మారుతుంది.

కీర్తన పద్ధతి ఇందుకు భిన్నం. పల్లవి, అనుపల్లవి, చరణాలు అనే విభాగం, యతిప్రాసల కూర్పు, రాగతాళాల నిర్దేశం తెలుగువారికి అన్నమయ్య, రామదాసు, త్యాగరాజుల ద్వారా పరిచితమైనవే. ఇందులోనూ రాగాన్ని సాగదీసే చోట్లు ఉంటాయి. అయినా తాళగతి మాత్రల నడకను అనుసరిస్తుంది కనుక పదం తన రూపాన్ని నిలుపుకుంటుంది. ఒకరు అందిస్తే పదిమంది అందుకొని పల్లవిని మరల మరల పాడడం వల్ల అక్షరజ్ఞానం లేనివారికి కూడ పాట కంఠస్థమవుతుంది.

పురుషోత్తమ చౌదరి

ఈ సత్యాన్ని ఆచరణలో చూపినవారిలో అగ్రగణ్యులు పురుషోత్తమ చౌదరి (1803–1890). నాటి గంజాం మండలంలో, వంగదేశ మూలాలు గల వైష్ణవ బ్రాహ్మణ కుటుంబంలో వీరు జన్మించారు. క్రైస్తవ కరపత్రాలు చదివి, దీర్ఘమైన అంతర్మథనం తరువాత 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ రోజులలో అట్టి నిర్ణయానికి బంధుత్వమూ, కులమూ, గౌరవమూ మూల్యంగా చెల్లించవలసి వచ్చేది. మతం మార్చుకున్నా వారు తమ భాషను, సంగీతాన్ని, కవితా సంస్కారాన్ని విడిచిపెట్టలేదు. నూటికి పైగా రచించిన వారి కీర్తనలలో భక్తుని దైన్యం, శరణాగతి, భగవంతునితో చనువుగా మొరపెట్టుకొనే ధోరణి కనిపిస్తాయి. రామదాసు కీర్తనలు విన్న చెవికి ఈ ధోరణి కొత్త కాదు. ఆర్.ఆర్. సుందరరావు గారు 1983లో వెలువడిన తమ గ్రంథంలో తెలుగు క్రైస్తవ కీర్తనలను భక్తి సంప్రదాయం వెలుగులోనే పరిశీలించారు.

విశాఖపట్నం లండన్ మిషనుకు చెందిన పులిపాక జగన్నాథం, 1938లో బైబిలు మిషను స్థాపించి 1960లో దివంగతులైన ముంగమూరి దేవదాసు మొదలైనవారు ఈ శాఖను పెంపొందించారు. ఇది తెలుగునాటికే పరిమితమైన విషయం కాదు. తమిళంలో తంజావూరు వేదనాయగ శాస్త్రి (1774–1864), మరాఠీలో నారాయణ వామన్ తిలక్ ఇదే మార్గంలో నడిచారు. సియాల్‌కోటకు చెందిన ఇమాముద్దీన్ షహబాజ్ దావీదు కీర్తనలను పంజాబీ పద్యాలుగా మలిచాడు; ఆ పని జరుగుతుండగానే చూపు కోల్పోయినా దానిని విడువలేదు. ఆయన పాటలు దేశీయమైన బాణీలలోనే ప్రజల నోట నిలిచాయి. ఉర్దూ చదువుతున్న మన మిత్రులకు ఈ ఉదాహరణ ఆసక్తి కలిగించగలదు.

పాడినవారు ఎవరు?

కవుల గురించి చెప్పి పాడినవారిని మరచిపోరాదు. 1876–78 నాటి కరవు కాలం తరువాత ఒంగోలు ప్రాంతంలో వేలాది మంది, ప్రధానంగా మాదిగలు, బాప్తిస్టు సంఘంలో చేరారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇతర మండలాలలో మాలలు, మాదిగలు తమకు సమీపమైన మిషనులలో ప్రవేశించారు. దేవాలయ ద్వారం దాటనీయని, బడిలో కూర్చోనీయని ప్రజలు వీరు. వారిలో ఎందరికో మొదటి పుస్తకం కంఠస్థమైన కీర్తనయే. ముఖారి, కాంభోజి వంటి రాగాల పేర్లు వారికి తెలిసినా తెలియకపోయినా, ఆ కీర్తనలు వారి సొంతమైనాయి. పండితుల గోష్ఠికి పరిమితమనుకొన్న ప్రక్రియ పల్లెలోని పూరిపాకకు చేరడం మన సాంఘిక చరిత్రలో చిన్న విషయం కాదు.

ఈ కీర్తనలన్నియు ఒకే స్థాయిలో ఉన్నవని చెప్పలేము. కొన్నింటిలో సంస్కృత సమాసాల బరువు ఎక్కువ. కొన్నింటిలో భావం కంటె బోధ అధికం. శాస్త్రీయ కీర్తన కంటె జానపద బాణీయే ప్రజలకు దగ్గర అని వాదించేవారూ కలరు. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. కోలాటం, బుర్రకథ, చెక్కభజన వంటి రూపాలను కూడ క్రైస్తవులు ఆదరించారు. కాని గుణదోష విచారణ జరగాలంటే ముందు ఆ రచనలు సాహిత్యంగా గుర్తింపు పొందాలి. విమర్శకు నోచుకోకపోవడం కూడ ఒక విధమైన వెలివేత.

మన కర్తవ్యం

కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగతాళాలు, చివర కవి పేరు ముద్రించడం సంప్రదాయం. పాట తెరపైకో, చేతిలోని యంత్రంలోనికో ఎక్కినప్పుడు ఈ రెండూ తరచుగా జారిపోతున్నాయి. రాగం పేరు పోతే బాణీ మారుతుంది. కవి పేరు పోతే పాట అనాథ అవుతుంది. పాత బాణీ తెలిసిన వృద్ధులు గతిస్తే దానిని తిరిగి తెచ్చుకొనే మార్గం లేదు, ఎందుకంటే పుస్తకం రాగాన్ని సూచిస్తుందే గాని స్వరాన్ని వ్రాసి చూపదు.

విద్యార్థి మిత్రులు ఈ విషయంలో చేయదగిన పని కలదు. మన బొల్లారం, సికింద్రాబాదు పరిసరాల సంఘాలలోని పెద్దలను ఆశ్రయించి, ఒక్కొక్క కీర్తన బాణీని ధ్వనిముద్రణ చేయవచ్చు. కవి పేరు, రాగం, తాళం, నేర్పినవారి ఊరు ఒక పట్టికలో వ్రాసి మన గ్రంథాలయంలో భద్రపరచవచ్చు. ఉర్దూ విభాగపు విద్యార్థులు హమ్ద్, నాత్‌లను, తెలుగు విభాగపు విద్యార్థులు రామదాసు కీర్తనలను వీటి ప్రక్కన ఉంచి పరిశీలిస్తే, భక్తుని హృదయం భిన్న భాషలలో, భిన్న మతాలలో ఎట్లు పలికినదో తెలియగలదు. ఇందుకు పెద్ద ధనం అవసరం లేదు. కళాశాల కమిటీ పెద్దల ప్రోత్సాహము, కొన్ని ఆదివారాల తీరిక చాలు.

నమ్మకం ఎవరిదైనా, పాట పుట్టిన భాష మనది. తెలుగు భాషను తమ ఆరాధనకు తగినదిగా తీర్చుకొన్న ఈ కవుల పేర్లు తెలుగు సాహిత్య చరిత్ర పుటలలో చేరే రోజు కొరకు మన వంతు పని మనం ప్రారంభిద్దాము.