మాట్లాడే ముందు హనుమ ఏమాలోచించాడు?

మన ఇళ్లలో సుందరకాండ పారాయణ తరచుగా జరిగేదే. ఉద్యోగం ఊగిసలాటలో ఉన్నప్పుడు మరీను. అదే సుందరకాండలో ఆఫీసులో ఎదుటివారిని ఒప్పించే పద్ధతి కూడా ఉందన్న సంగతి మాత్రం అంత తొందరగా గుర్తుకు రాదు. ఈసారి ఆ దృష్టితో కొన్ని సర్గలు చదువుదాం.

ఇక్కడ అమెరికా కంపెనీల శిక్షణ తరగతుల్లో రాబర్ట్ చాల్డీనీ పేరు తరచుగా వినబడుతుంది. ఎదుటివారు మన మాటకు ఎందుకు తలూపుతారో ఆయన 1984లో వచ్చిన 'ఇన్‌ఫ్లుయెన్స్' పుస్తకంలో ఆరు సూత్రాలుగా చెప్పారు. ముందు మనం సాయం చేస్తే వారూ చేస్తారు, ఒకసారి అన్న మాటకు మనిషి కట్టుబడతాడు, నలుగురూ చేసేదే తానూ చేస్తాడు, ఇలాంటివి. పనికొచ్చే సూత్రాలే. కాని వాటిని కిటుకులుగా బట్టీపట్టి మేనేజరు మీద ప్రయోగిస్తే ఇట్టే దొరికిపోతాం. ఆయనా ఆ తరగతికి వెళ్లి వచ్చినవాడే కదా!

ఇప్పుడు 30వ సర్గ చూద్దాం. చెట్టు కింద సీతమ్మ, చుట్టూ రాక్షస స్త్రీల కాపలా, పైన శింశుపా వృక్షం ఆకుల చాటున హనుమ. నూరు యోజనాలు దాటి వచ్చినవాడు దూకి 'అమ్మా, నేను రామదూతను' అనవచ్చు. చేతిలో ఉంగరం ఉంది, చూపించవచ్చు. రెండూ చేయలేదు. ఆమె ఏ స్థితిలో ఉందో ముందు ఆలోచించాడు. పండితుడిలా సంస్కృతం మాట్లాడితే రావణుడే వచ్చాడనుకుని బెదురుతుంది. ఆమె కేక వేస్తే కాపలావాళ్లు ఆయుధాలతో వస్తారు. యుద్ధం జరిగితే పట్టుబడవచ్చు, లేదా అలసిపోయి తిరిగి సముద్రం దాటలేకపోవచ్చు. అలాగని పలకరించకుండా వెళ్లిపోతే ఆమె ప్రాణమే నిలవకపోవచ్చు. అన్నీ తూచుకుని, మామూలు మనుషుల భాషలో, ఆమెకు వినబడేంత మెల్లగా, దశరథ మహారాజు దగ్గర మొదలుపెట్టి రామకథ చెప్పాడు. ఆమె అనుమానించింది, గుర్తులు అడిగింది, అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. ఉంగరం బయటికి వచ్చింది 36వ సర్గలో!

మనం సాధారణంగా ఉంగరంతోనే మొదలుపెడతాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. సాఫ్ట్‌వేర్ విడుదల తేదీ దగ్గరపడింది, పరీక్షలు పూర్తి కాలేదు. నలభై స్లైడ్లు తయారుచేసుకుని వెళ్లి మొదటి మాటగా 'తేదీ మార్చాలి' అంటాం. ఆ తేదీ కస్టమరుకు మాటిచ్చింది మేనేజరే. అందుకే తన పరువు పోతుందన్న భయం తప్ప ఆయనకు ఇంకేమీ వినబడదు. అలా కాక, ఆయన ఇచ్చిన మాట దగ్గరే మొదలుపెట్టి, అందులో ఏది సిద్ధంగా ఉందో, ఏది లేదో, అది చెడితే కస్టమరుకు ఏమవుతుందో చెబితే, 'ఎంత టైం కావాలి?' అని ఆయనే అడిగే అవకాశం ఉంది. పరీక్షల లెక్కలు చూపించాల్సింది అప్పుడు. భాష సంగతీ అంతే. ఫైనాన్స్ వారితో సర్వర్ల గొడవ కాదు, డాలర్ల లెక్క మాట్లాడాలి. హనుమ సంస్కృతం రాక మానుకోలేదు. అతని వ్యాకరణ జ్ఞానాన్ని కిష్కింధలో రాముడే మెచ్చుకున్నాడు.

హెచ్1బి వీసా మీద ఉన్నవారికి ఇంకో బెంగ. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల్లో దారి వెతుక్కోవాలి. అందుకని నోరు మెదపరు. ఆ భయం నిజమైనదే, ఎవరూ తీసిపారేయకూడదు. అయితే హనుమ మాట్లాడితే వచ్చే ముప్పుతో పాటు మాట్లాడకపోతే వచ్చే ముప్పును కూడా లెక్కలోకి తీసుకున్నాడు. మన లెక్కలో తరచుగా రెండోది ఉండదు.

కోపంలో ఉన్న పెద్దవారితో ఎలా మాట్లాడాలో 52వ సర్గలో విభీషణుడు చూపిస్తాడు. దూతను చంపమన్నాడు రావణుడు. విభీషణుడు 'శిక్షించవద్దు' అనలేదు. దూతను చంపడం రాజధర్మం కాదని, దూతకు వేయదగిన వేరే శిక్షలు ఉన్నాయని చెప్పాడు. మాట తగ్గకుండా వెనక్కి తగ్గే దారి ఇచ్చాడన్నమాట. రావణుడు ఒప్పుకుని తోకకు నిప్పు పెట్టించాడు. తర్వాత లంక ఏమైందో మనకు తెలుసు, ఆ తప్పు విభీషణుడిది కాదు లెండి.

అదే విభీషణుడు యుద్ధకాండలో ఎంత చెప్పినా అన్న వినలేదు. నలుగురు అనుచరులతో లంక విడిచి వెళ్లాడు. పరీక్షించని దానిమీద సంతకం పెట్టమని మళ్లీ మళ్లీ ఒత్తిడి చేసే చోట, మన అభ్యంతరాన్ని మర్యాదగా ఈమెయిల్‌లో పెట్టి, వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టడమే మంచిది.

అన్ని నిరాకరణలూ అలాంటివి కావు. 37వ సర్గలో హనుమ తన వీపు మీద తీసుకెళతానంటే సీతమ్మ కారణాలు చెప్పి మరీ కాదంది. హనుమ వాదించలేదు, ఆమె మాట సబబేనన్నాడు. కాని వట్టి చేతులతోనూ వెళ్లలేదు, ఆనవాలు అడిగాడు. చూడామణి దక్కింది. జీతం పెంచడం కుదరదని మేనేజరు అన్నప్పుడు మనం అడగవలసిన ఆనవాలు ఏమిటి? ఏ పని చేసి చూపిస్తే, ఏ నెలలో మళ్లీ మాట్లాడవచ్చో రాతపూర్వకంగా అడగవచ్చునని మాకు తోచింది. 37, 38 సర్గలు ఇంట్లో పిల్లలతో కలిసి చదివి, మీకేం తోచిందో వచ్చే పఠన తరగతిలో చెప్పండి.