తుఫానులో మాట తెగకూడదు

1977 నవంబరు 19. శనివారం. ఆ రోజు కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచింది. సముద్రం 15 అడుగులకు పైగా లేచి ఊళ్ల మీద పడింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. లెక్కకు వచ్చిన చావులే సుమారు 10 వేలు. గొడ్డూ గోదా సంగతి చెప్పనే అక్కర్లేదు.

తుఫాను వస్తోందని ముందుగా ఎవరికీ తెలియదా? తెలుసు. వాతావరణ శాఖ హెచ్చరిక చేసింది. కానీ ఆ కబురు లంకల్లోని గుడిసెల దాకా వేళకు చేరలేదు. చేరిన చోట కూడా ఎక్కడికి పోవాలో జనానికి తెలియలేదు. ఎక్కి నిలబడదామంటే గట్టి మేడలు లేవు. గాలికి టెలిఫోను తీగలు తెగాయి. సాయం కావాలని చెప్పడానికి కూడా దారి లేకపోయింది.

1990 మే నెలలో కోస్తా మీదికి మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే ఊళ్లు ఖాళీ చేయించారు. చావులు వెయ్యికి అటూ ఇటూ ఉన్నాయి. అవీ తక్కువేం కాదు. అయినా 10 వేలెక్కడ, వెయ్యెక్కడ? ముందు కబురు, ముందు కదలిక ఎన్నో ప్రాణాలను కాపాడాయి.

అందుకే కబురు అందించే ఏర్పాటు గురించి ఆడవాళ్లు తెలుసుకోవాలి. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు, పశువులు ఉంటారు. వాళ్లను కదిలించే పని ఎక్కువగా ఆడవాళ్లదే. కబురు ఒక గంట ఆలస్యమైతే ఆ గంట వాళ్లకే తక్కువవుతుంది.

సెల్‌ఫోను చాలదా?

"ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడింది. అది పల్లెటూరు కాదు, పెద్ద పట్నం. అయినా కరెంటు పోయింది. సెల్ టవర్లు మూగబోయాయి. చేతిలో ఫోను ఉంది, మాట మాత్రం పోదు. అప్పుడు అధికారులకు శాటిలైటు ఫోన్లు, వైర్‌లెస్ సెట్లు పనికొచ్చాయి. హామ్ రేడియో నడిపేవాళ్లు కూడా వార్తలు చేరవేశారు.

సెల్‌ఫోను ఎందుకు ఆగిపోతుంది? మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి: టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలే నడుస్తుంది.

రెండు: టవరు నుంచి టవరుకు మాట మోసే తీగలు చాలా చోట్ల నేలలో ఉంటాయి. వరదకు కట్ట తెగితే అవీ తెగుతాయి.

మూడు: ఆపద వేళ అందరూ ఒక్కసారే ఫోను చేస్తారు. దారి ఇరుకవుతుంది. డాక్టరుకు చేసే ఫోనూ ఆగుతుంది, ఊసుపోక చేసే ఫోనూ ఆగుతుంది.

సెల్‌ఫోను వద్దని కాదు. అది పనిచేసినంత సేపు వాడుకోవాలి. ఆపదలో 112 నంబరుకు ఫోను చేయాలి. కానీ అది ఆగిన రోజుకు ఇంకొక దారి ఉండాలి. ఆ దారే వైర్‌లెస్.

వైర్‌లెస్ ఎలా పనిచేస్తుంది?

వైర్‌లెస్ అంటే తీగ లేనిది. పోలీసుల భుజాన, చేతిలో చూసే ఉంటారు. మీట నొక్కితే మాట్లాడవచ్చు. మీట వదిలితే వినవచ్చు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి. ఒకరు చెప్పిన మాట ఆ చానలులో ఉన్న అందరికీ ఒకేసారి వినబడుతుంది. పది మందికి పది ఫోన్లు చేసే పని లేదు.

ఈ సెట్టులోంచి మాట ఎంత దూరం పోతుంది? సముద్రం ఒడ్డున నిలబడి వేటకు పోయే పడవను చూడండి. దూరం పోయేకొద్దీ ముందు పడవ అడుగు కనబడకుండా పోతుంది. తరవాత తెరచాప. ఎందుకంటే భూమి గుండ్రంగా ఉంది. మెరకెక్కితే అదే పడవ మళ్లీ కనబడుతుంది. ఈ సెట్టు మాట కూడా ఇంచుమించు చూపులాగే తిన్నగా పోతుంది. చేతి సెట్టు నుంచి చేతి సెట్టుకు కొన్ని కిలోమీటర్లే. మధ్యలో మేడలు, గుట్టలు, తోపులు అడ్డమొస్తే ఇంకా తక్కువ.

అందుకని ఎత్తయిన టవరు మీద ఏరియల్ కట్టి, దానికి ఒక పెట్టె కలుపుతారు. దాన్ని రిపీటరు అంటారు. అంటే మళ్లీ చెప్పేది. మేడ మీద ఒక మనిషి నిలబడి, ఈ వీధి మాట విని ఆ వీధికి కేక వేసినట్టు అన్నమాట. చేతి సెట్టు మాటను అది అందుకుని, బలంగా మళ్లీ పంపుతుంది. దానితో మాట పదుల కిలోమీటర్లు పోతుంది.

ముందు ఆలోచన, తరవాత కొనుగోలు

ఒక తీర మండలంలో కొత్తగా వైర్‌లెస్ పెట్టాలనుకున్నారు అనుకుందాం. ముందు ఏం చేయాలి? సెట్లు కొనడమా? కాదు. ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: ఎవరు ఎవరితో మాట్లాడాలి?

పోలీసులు, ఫైరింజను వాళ్లు, ఆసుపత్రి, రెవెన్యూ, కరెంటు ఆఫీసు, పంచాయతీ. వీళ్లకు వేరువేరు చానళ్లు ఉండవచ్చు. కానీ ఆపదలో అందరూ కలిసే చానలు ఒకటి ఉండి తీరాలి.

అది లేకపోతే ఏమవుతుంది? 2001 సెప్టెంబరు 11న అమెరికాలోని న్యూయార్క్ నగరంలో రెండు ఆకాశ భవనాలను విమానాలతో కూల్చారు. మొదటి భవనం కూలాక, రెండోదీ కూలేలా ఉందని పోలీసు హెలికాప్టరులోని వాళ్లు చూశారు. తమ రేడియోలో చెప్పారు. కానీ ఫైరింజను వాళ్ల రేడియో వేరు. ఆ హెచ్చరిక వాళ్లకు నేరుగా చేరలేదు. లోపల ఉన్న చాలామందికి బయటికి రమ్మన్న పిలుపు సరిగా అందలేదు. ఆ రోజు 343 మంది ఫైరింజను సిబ్బంది చనిపోయారు. అంత డబ్బున్న నగరంలో కూడా రెండు శాఖల మధ్య మాట కలవలేదు.

రెండో ప్రశ్న: ఎక్కడెక్కడ వినబడాలి?

పటం మీద గీత గీస్తే సరిపోదు. సెట్టు పట్టుకుని నడవాలి. తుఫాను షెల్టరు లోపల వినబడుతోందా? కాంక్రీటు గోడల మధ్య మాట తగ్గిపోతుంది. కరకట్ట అవతల? రొయ్యల చెరువుల దగ్గర? ఉప్పు మడుల్లో? మడ అడవి పక్క పాయలో? పగలు జనం ఎక్కడ ఉంటారో ఊరి ఆడవాళ్లకు బాగా తెలుసు. ఆ చోట్ల పేర్లు వాళ్లే చెప్పాలి. మాట అందని చోటికి గుర్తు పెట్టాలి.

మూడో ప్రశ్న: గాలికి, నీటికి నిలుస్తుందా?

టవరు పెనుగాలిని తట్టుకోవాలి. బ్యాటరీ, జనరేటరు నేల మీద పెట్టకూడదు. ఉప్పెన నీటికి అందని ఎత్తులో పెట్టాలి. లేకపోతే టవరు నిలబడి ఉంటుంది, కింద బ్యాటరీ మునిగిపోతుంది. కరెంటు లేకుండా ఎన్ని రోజులు నడవాలి? ఒక పూట చాలదు. తుఫాను తరవాత కరెంటు రావడానికి రోజులు పడుతుంది. సోలారు పలక ఉంటే మంచిది. గాలికి ముందే దాన్ని భద్రం చేసుకోవాలి.

రిపీటరు పడిపోయినా, సెట్టు నుంచి సెట్టుకు నేరుగా మాట్లాడే చానలు ఒకటి ఉంచుకోవాలి. మండలానికి ఒక శాటిలైటు ఫోనైనా ఉండాలి.

నాలుగో ప్రశ్న: అనుమతి ఉందా?

గాలిలో మాట పోయే దారులు కూడా లెక్క ప్రకారమే ఉంటాయి. ఎవరికి తోచిన చానలు వాళ్లు వాడితే ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది. అందుకే ఇలాంటి ఏర్పాటుకు చానళ్లను కేంద్ర ప్రభుత్వమే కేటాయిస్తుంది. అనుమతికి ముందే దరఖాస్తు పెట్టాలి.

ఐదో ప్రశ్న: ఖర్చు ఎంత? ఎన్నాళ్లు?

సెట్టు కొన్న రోజు ఫోటోలు దిగుతారు. మూడేళ్ల తరవాత బ్యాటరీ చచ్చిపోతే ఎవరు కొంటారు? గేదెను కొన్నవాళ్లు గడ్డి లెక్క కూడా వేసుకుంటారు కదా! ఇదీ అంతే. ఏటా బ్యాటరీలకు, రిపేర్లకు, టవరు చూసుకోవడానికి డబ్బు ముందే పక్కన పెట్టాలి. కంపెనీతో రాసుకునే కాగితంలో ఒక మాట ఉండాలి. ఊరూరా పరీక్షించి, వినబడిందని సంతకం చేశాకే చివరి సొమ్ము ఇవ్వాలి.

ఆరో ప్రశ్న: సెట్టు ఎవరి చేతిలో ఉండాలి?

ఒక్క మనిషి దగ్గర ఉంచి, ఆ మనిషి పొరుగూరు పోతే? ఊరికి ఇద్దరు ముగ్గురైనా నేర్చుకోవాలి. అందులో ఆడవాళ్లు ఉండాలి. మగవాళ్లు వేటలో ఉన్నప్పుడు ఊళ్లో ఉండేది ఆడవాళ్లే. చిన్న మీట నొక్కడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అంకెలు, ఊళ్ల పేర్లు చదవగలిగితే చాలు. రాసుకోవడం వస్తే ఇంకా మంచిది.

ఏడో ప్రశ్న: సెట్టు నుంచి గడప దాకా ఎలా?

సెట్టులో వచ్చిన మాట పంచాయతీ ఆఫీసులో ఆగిపోతే లాభం లేదు. అక్కడి నుంచి సైరను మోగాలి. మైకులో చెప్పాలి. మైకు పనిచేయకపోతే టముకు వేయాలి. చెవిటివాళ్లకు, మంచాన పడ్డవాళ్లకు మనిషి వెళ్లి చెప్పాలి. ఏ వీధికి ఎవరు వెళ్లాలో పేర్లు ముందే రాసి పెట్టుకోవాలి.

పక్క రాష్ట్రం ఒడిశాలో 1999 అక్టోబరు 29న పెను తుఫాను సుమారు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత ఆ రాష్ట్రం షెల్టర్లు కట్టింది, జనానికి శిక్షణ ఇచ్చింది. 2018లో తీరంలోని 6 జిల్లాల్లో 122 చోట్ల సైరను టవర్లు పెట్టింది. దూరం నుంచే వాటిని మోగించవచ్చు. వాటితో పాటు డిజిటల్ రేడియో, శాటిలైటు పరికరాలు కూడా పెట్టింది.

వైర్‌లెస్‌లో ఎలా మాట్లాడాలి?

ముందు ఎవరిని పిలుస్తున్నారో చెప్పాలి. తరవాత మీరు ఎవరో చెప్పాలి. మాట పొట్టిగా ఉండాలి. అంకె చెప్పాలి, చోటు చెప్పాలి, ఏం కావాలో చెప్పాలి. మాట ముగియగానే "ఓవర్" అనాలి. విన్నవాళ్లు ఆ మాటను తిరిగి చెప్పాలి. ఇలా:

"కంట్రోలు, కంట్రోలు. ఇది మూడో నంబరు షెల్టరు. ఓవర్."

"చెప్పమ్మా, మూడో నంబరు. ఓవర్."

"ఇక్కడ 212 మంది ఉన్నాం. ఒక అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. రోడ్డు మీద చెట్టు పడింది. నర్సమ్మ కావాలి. ఓవర్."

"విన్నాను. 212 మంది. అమ్మాయికి నొప్పులు. రోడ్డు మీద చెట్టు. నర్సమ్మను ట్రాక్టరులో పంపుతున్నాం. చెట్టు నరికేవాళ్లు కూడా వస్తున్నారు. ఓవర్."

"మంచిదండీ. తలుపు దగ్గర లాంతరు పెడతాం. ఓవర్."

చూడండి, ఎంత కొద్ది మాటలో! "అయ్యో, మా గతేం కాను" అని ఏడిస్తే చానలు నిండిపోతుంది. నర్సమ్మ మాత్రం బయల్దేరదు.

ఈ మాట తీరు ఆపద రోజున రాదు. వారానికి ఒకసారి సెట్టు వేసి పలకరించుకోవాలి. మన తీరానికి తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. మే నెలలోనూ వస్తాయి. ఈ నెలలకు ముందే ఒక రోజు ఊరంతా కలిసి సాధన చేయాలి. ఆ రోజు మెయిన్ ఆపేసి చూడాలి. కరెంటు లేకుండా సెట్టు నడిస్తేనే అది పనికొచ్చే సెట్టు.

అడిగే హక్కు మీది

2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాకు ఒక సంస్థ ఉంటుంది. దానికి కలెక్టరు అధ్యక్షులు. జిల్లా పరిషత్తు అధ్యక్షులు సహ అధ్యక్షులు. ఆపదలకు సిబ్బందిని, సామాన్లను సిద్ధంగా ఉంచడం స్థానిక సంస్థల బాధ్యత కూడా.

కాబట్టి గ్రామసభలో లేచి అడగవచ్చు. "మా ఊళ్లో సెట్టు ఉందా? ఎవరి దగ్గర ఉంది? పోయిన వారం పలికిందా? బ్యాటరీ ఎప్పుడు మార్చారు? సైరను మా వీధికి వినబడుతుందా?" జవాబును మినిట్సు పుస్తకంలో రాయించండి. చదివి చూసుకుని అప్పుడు సంతకం చేయండి.

కొత్త మాటలు

రిపీటరు: మాటను అందుకుని మళ్లీ బలంగా పంపే పెట్టె.
ఏరియల్: మాటను గాలిలోకి పంపే, గాలిలోంచి అందుకునే కడ్డీ.
చానలు: వైర్‌లెస్ మాట పోయే దారి.
కంట్రోలు రూము: అన్ని కబుర్లూ చేరే గది.
ఉప్పెన: తుఫానుకు సముద్రం పొంగి ఊళ్ల మీద పడడం.

చెప్పండి

1. హుద్‌హుద్ తుఫాను ఏ సంవత్సరంలో వచ్చింది? అప్పుడు ఫోన్లు ఏమయ్యాయి?
2. ఏరియల్ ఎత్తులో ఎందుకు పెడతారు?
3. బ్యాటరీని నేల మీద ఎందుకు పెట్టకూడదు?

చేయండి

మీ ఊరి పటం గీయండి. షెల్టరు, బడి, చెరువులు, కాలువ గుర్తించండి. మైకు వినబడని ఇళ్లకు చుక్కలు పెట్టండి. ఆ ఇళ్లకు కబురు ఎవరు మోయాలో మీ సంఘంలో మాట్లాడుకుని, చుక్క పక్కనే ఆ పేరు రాయండి.