ఇసుకగుట్ట చుట్టూ ఒక కెరీర్

అపార్టుమెంటు కట్టేచోట లారీ ఇసుక దింపిందంటే చాలు, వీధి పిల్లలంతా దాని మీదే. పక్కన డబ్బు పోసి కట్టిన పార్కులో జారుడుబల్ల మాత్రం ఎండకు కాలుతూ ఖాళీగా ఉంటుంది. డెన్మార్క్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ సోరెన్‌సెన్ ఈ సంగతి 1931లోనే రాశాడు: తను గీసిన ఆటస్థలాల్లో తప్ప పిల్లలు అన్నిచోట్లా ఆడుతున్నారని! 1943లో కోపెన్‌హాగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో ఆయన ఆలోచన మీదే పాత సామాన్లతో ఆటస్థలం వెలిసింది. మట్టి, నీళ్లు, చెట్లతో పిల్లల తోటలు తీర్చిదిద్దే పనికి మూలాల్లో ఒకటి అదే.

'పిల్లల తోటల పేరుతో డిగ్రీ ఉందా సార్?' అని అడుగుతారు. లేదు. దారులున్నాయి. ఎంపీసీ వాళ్లు నాటా లేదా జేఈఈ మెయిన్ పేపర్-2ఏ రాసి అయిదేళ్ల బీఆర్క్ చేసి, తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో పీజీకి వెళ్లొచ్చు. విజయవాడ, ఢిల్లీ ఎస్‌పీఏలు, అహ్మదాబాద్ సెప్ట్ అందుకు మంచి చోట్లు. బైపీసీ వాళ్లకు నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ ఉంది: ఏపీలో వెంకటరామన్నగూడెం, తెలంగాణలో ములుగు వర్సిటీలు. ఆట వస్తువుల మీద మనసుంటే గాంధీనగర్ ఎన్ఐడీలో టాయ్ అండ్ గేమ్ డిజైన్. తొలి జీతాన్ని సాఫ్ట్‌వేర్ స్నేహితులతో పోల్చుకుంటే దిగులేస్తుంది, ముందే చెబుతున్నా.

అసలు పరీక్ష మొక్కల దగ్గరే. ఎండకు తట్టుకుంటుంది, మేకలు ముట్టవు, పూలూ పూస్తుందని ఎవరో గన్నేరు పెట్టమంటారు. డివైడర్‌కైతే సరే, పిల్లల తోటకు కాదు. దాని ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ ఇంకా ప్రమాదం. ఎర్రగా మెరిసే గురివింద గింజా అంతే, నోట్లో పెట్టుకుని నమిలితే ప్రాణం మీదకొస్తుంది. నీడకు విషం లేని చెట్టేదైనా చాలు. ఇసుకగుంత తవ్వితే అడుగున నీళ్లింకే దారి చూడాలి, రాత్రి వల కప్పాలి. లేకుంటే తెల్లారేసరికి అది వీధి పిల్లుల పాయిఖానా.

చదువు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఓ ఆదివారం సాయంత్రం దగ్గరి పార్కులో కూర్చుని పిల్లలు ఎక్కడ గుమిగూడారో, ఏ మూలకు పోలేదో కాగితం మీద గీయండి. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీగా కంప్యూటర్ బొమ్మకంటే అదే నయం. వచ్చేముందు తోటమాలితో కాసేపు మాట్లాడండి. ఏ కొమ్మ పిల్లలెక్కి విరిగిందో, వానొస్తే నీళ్లెక్కడ నిలుస్తాయో ఆయన చేత్తో చూపిస్తాడు.