బ్యాంకు షేరుకు పదేళ్ళ సగటు లెక్క

గుంటూరు మిర్చి వర్తకులలో ఒక్క సీజను ధర చూసి శీతల గిడ్డంగి కట్టేవారు అరుదు. ధర పలికిన ఏడూ, పడిపోయిన ఏడూ కలిపి కొన్ని పంటల సగటు చూసుకున్న తరువాతనే అంత పెట్టుబడికి దిగుతారు. అదే వర్తకులు బ్యాంకు షేరు కొనేవేళ మాత్రం కిందటి మార్చి ఆఖరుకు తేలిన నికరలాభం ఒక్కటే చూసి, ‘పది రెట్ల లోపే దొరుకుతున్నది, చౌక’ అని దళారీకి ఆర్డరు ఇస్తూండటం కద్దు. షేరు ధరను షేరొక్కింటికి వచ్చిన ఏడాది ఆర్జనతో భాగిస్తే వచ్చే ఈ రెట్ల లెక్కనే బజారులో పి.ఇ. అంటారు. పంచదార, సిమెంటు వంటి ఒడుదుడుకుల వ్యాపారాలకే ఈ లెక్క చాలదు. బ్యాంకుకు బొత్తిగా చాలదు.

కారణం వర్తకులకు కొత్తది కాదు. సరుకు అరువుకు అమ్మినప్పుడు లాభం ఆ రోజే చిట్టాకు ఎక్కుతుంది. బాకీ వసూలైనదీ, మునిగినదీ తేలేసరికి రెండేళ్ళో నాలుగేళ్ళో పడుతుంది. బ్యాంకు చేసేదంతా అరువు వ్యాపారమే. ఉక్కు కర్మాగారానికో, విద్యుత్ కేంద్రానికో దీర్ఘకాలం గడువుతో ఇచ్చిన అప్పు మీద వడ్డీ ముందుగానే ఆదాయం పద్దులో పడుతుంది. ఆ అప్పు మొండిబాకీ అయి, దానికోసం లాభంలోనుంచి కేటాయింపు తీయవలసి వచ్చేనాటికి అప్పు ఇచ్చిన అధికారులు పదవీ విరమణ చేసి ఉంటారు. కాబట్టి బ్యాంకు ప్రకటించే ఏడాది లాభాన్ని ఒక అంచనాగా మాత్రమే తీసుకోవలెను. మంచి ఏళ్ళలో అది ఎక్కువగానూ, చెడ్డ ఏళ్ళలో తక్కువగానూ కనిపిస్తుంది.

దీనికి మందు పాతదే. అమెరికాలో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ 1934లో ప్రచురించిన గ్రంథంలో కనీసం ఐదేళ్ళ, వీలైతే ఏడు లేక పదేళ్ళ ఆర్జనల సగటు చూడవలెనని చెప్పారు. జాన్ కాంబెల్, రాబర్ట్ షిల్లర్ అనే ఆర్థికవేత్తలు 1988లో ద్రవ్యోల్బణాన్ని కూడా లెక్కలోకి తెచ్చి, పాత లాభాలను నేటి డబ్బు విలువకు మార్చి సగటు కట్టారు. షిల్లర్‌కు 2013లో నోబెల్ బహుమతి లభించింది. వారు ఈ కొలతను మొత్తం బజారుకు వాడారు. ఒక్క బ్యాంకుకు దీనిని వాడటంలో కొన్ని చిక్కులు కలవు.

స్టేట్ బ్యాంకు ఉదాహరణ

2025 మార్చి ఆఖరులో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా షేరు ధర సుమారు 771 రూపాయలు. ఆ బ్యాంకు పదేళ్ళ ఆర్జన షేరొక్కింటికి దిగువ ఇవ్వబడినది. ఇవి అనుబంధ కంపెనీల లాభాలు కలపని, బ్యాంకు సొంత ఖాతాల అంకెలు. రెండవ అంకె వినియోగదారుల ధరల సూచీ ప్రకారం 2024-25 నాటి రూపాయలలోకి మార్చినది. 2015-16లో సగటున 100 రూపాయలకు వచ్చిన సరుకులు 2024-25లో సుమారు 154 రూపాయలు అయినందున ఈ మార్పు అవసరం.

2015-16: రూ. 12.98; నేటి విలువ 20
2016-17: రూ. 13.43, నేటి విలువ 20
2017-18: నష్టం రూ. 7.67, నేటి విలువ నష్టం 11
2018-19: రూ. 0.97, నేటి విలువ 1
2019-20: రూ. 16.23, నేటి విలువ 21
2020-21: రూ. 22.87, నేటి విలువ 28
2021-22: రూ. 35.49, నేటి విలువ 42
2022-23: రూ. 56.29, నేటి విలువ 62
2023-24: రూ. 68.44, నేటి విలువ 72
2024-25: రూ. 79.44

చివరి ఏడాది ఆర్జనతో భాగిస్తే ధర 10 రెట్లకు లోపు. ద్రవ్యోల్బణం సర్దిన పదేళ్ళ సగటు 33 రూపాయల చిల్లర. దానితో భాగిస్తే అదే ధర 23 రెట్లు. ఒకే షేరు, ఒకే రోజు ధర. ఒక లెక్కలో చౌక, ఇంకొక లెక్కలో ప్రియం.

ఇంత తేడా రావటానికి 2017-18, 2018-19 సంవత్సరాలు ప్రధాన కారణం. ఆ మొదటి ఏడాది బ్యాంకుకు 6,547 కోట్ల రూపాయల నష్టం వచ్చింది. మరుసటి ఏడాది లాభం 862 కోట్లే. అయితే ఆ నష్టం నిజంగా ఆ ఏడాదిదేనా? 2015లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల అప్పుల నాణ్యతను సమీక్షించి, గడువులు పొడిగించి వాయిదాలు తిరగరాసిన బాకీలను ఉన్నవి ఉన్నట్టు చూపించమన్నది. స్టేట్ బ్యాంకు స్థూల మొండిబాకీలు 2015 మార్చిలో 4.25 శాతం ఉండగా 2018 మార్చికి 10.91 శాతానికి పెరిగాయి. ఆ అప్పులలో పెద్ద భాగం అంతకు చాలా ఏళ్ళ ముందు ఇచ్చినవే. 2012-13లో బ్యాంకు 14,105 కోట్ల లాభం ప్రకటించినప్పుడు బజారు దానిని పూర్తి లాభంగానే తీసుకుంది. అందులో కొంత నిజానికి 2018 నష్టం ఖాతాలోకి పోవలసిన సొమ్మే. వసూళ్ళు కూడా ఇలాగే ఆలస్యంగా వస్తాయి. ఎస్సార్ స్టీల్ బాకీ కింద ఆర్సెలర్ మిట్టల్ కంపెనీ సుమారు 42,000 కోట్లు బ్యాంకులకు చెల్లించినది 2019 డిసెంబరులో. అప్పు ఇచ్చిన కాలానికీ దానికీ పొంతన లేదు. ఏ ఏడాది సొమ్ము ఏ ఏడాదిలో కనిపించినా, పదేళ్ళు కలిపి చూస్తే హెచ్చుతగ్గులు చాలావరకు ఒకదానికొకటి సరిపోతాయి. బ్యాంకులకు ఈ సగటు మిగతా వ్యాపారాలకంటె ఎక్కువగా పనికివచ్చేది ఇందువల్లనే.

తిరగేసి చూస్తే

2018 మార్చి ఆఖరులో ఇదే షేరు 250 రూపాయల దగ్గర ఉంది. ఆ ఏడాది నష్టం కనుక పి.ఇ. కట్టడానికి వీలే లేదు. కాని 2008-09 నుంచి 2017-18 వరకు పదేళ్ళ ఆర్జనను ఆనాటి రూపాయలలోకి మార్చి సగటు కడితే షేరొక్కింటికి 18, 19 రూపాయల మధ్య వస్తుంది. ధర సుమారు 13 రెట్లు. (పాత ఏళ్ళకు పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ వాడవలెను, పల్లె, పట్నం కలిపిన సూచీ 2011 నుంచి మాత్రమే ఉన్నది.) అంటే నష్టం ప్రకటించిన ఏడాది ఈ షేరు పదేళ్ళ లెక్కలో 13 రెట్లకు దొరికింది. రికార్డు లాభం ప్రకటించిన ఏడాది 23 రెట్లు పలికింది.

అలాగని 2018లో కొన్నవారికి నిద్ర సుఖంగా పట్టిందనుకోరాదు. 2020 మే నెలలో, కోవిడ్ రోజులలో, షేరు 150 రూపాయలకు దిగింది. రెండేళ్ళు ఆగి నూటికి నలభై పోగొట్టుకున్న లెక్క. మూడు రెట్లు కావటానికి మరి నాలుగేళ్ళ దాకా పట్టింది. పదేళ్ళ సగటు ధర కట్టడానికి పనికివస్తుంది. తేదీ చెప్పదు. వాయిదా బజారులో నెలాఖరు సెటిల్‌మెంటుకు చూసుకునేవారికి ఇది ఎందుకూ కొరగాదు.

సగటులో లోపం

ఇప్పుడు రెండవ పక్షం. 23 రెట్లు అన్నది కూడా పూర్తి న్యాయమైన అంకె కాదు. 2024-25లో వచ్చిన 79 రూపాయల చిల్లరలో స్టేట్ బ్యాంకు డివిడెండుగా పంచినది 15.90 మాత్రమే. మిగిలినది బ్యాంకులోనే ఉండి మూలధనంలో కలిసింది. పదేళ్ళనాటి ఆర్జన అప్పటి చిన్న మూలధనం మీద వచ్చినది. నేటి మూలధనం చాలా పెద్దది. పది ఎకరాలున్నప్పటి పంట సగటుతో ఇరవై ఎకరాల పొలానికి ధర కట్టినట్టుంటుంది.

అందుచేత బ్యాంకుకు రూపాయల సగటుతోపాటు రాబడి శాతం సగటు కూడా చూడవలెను. వాటాదారుల సొమ్ము మీద స్టేట్ బ్యాంకు రాబడి 2017-18లో సున్నకు దిగువన ఉండగా, 2022-23 నుంచి మూడేళ్ళు ఇరవై శాతం చుట్టూ ఉంది. పదేళ్ళ సగటు సుమారు పది శాతం. 2025 మార్చికి మూలధనం, రిజర్వులు కలిపి సుమారు 4.41 లక్షల కోట్లు, అనగా షేరొక్కింటికి 494 రూపాయలు. దాని మీద పది శాతం అంటే 50 రూపాయలు. ఈ లెక్కన 771 రూపాయల ధర 15 రెట్లు అవుతుంది. పది రెట్లన్న వాదనకూ, ఇరవైమూడన్న వాదనకూ మధ్య ఉన్న ఈ అంకె మిగిలిన రెంటికంటె నమ్మదగినది. ఇరవై శాతం రాబడి ఇకముందు కూడా నిలుస్తుందని నమ్మేవారికి షేరు చౌక. పది శాతానికి తిరిగి వస్తుందనుకునేవారికి కాదు. బేరం అంతా ఆ ఒక్క ప్రశ్న మీదనే.

అనుబంధ కంపెనీల విలువ ఈ లెక్కలో చేరలేదు. జీవిత బీమా, క్రెడిట్ కార్డుల కంపెనీలలో బ్యాంకుకున్న వాటాల విలువను షేరు ధరనుంచి ముందుగా తీసివేసి, మిగిలినదానినే సగటుతో భాగించే దళారీలు కలరు. అది సరైన పద్ధతి. రెట్లు అన్ని లెక్కలలోనూ కొంత తగ్గుతాయి.

ద్రవ్యోల్బణం బ్యాంకును ఇంకొక విధంగా కూడా తింటుంది. మిల్లుకు ధరలు పెరిగితే యంత్రాల, స్థలాల విలువ కూడా పెరుగుతుంది. బ్యాంకు ఆస్తులు దాదాపు అన్నీ రూపాయలలో రావలసిన బాకీలే. 2024 మార్చి నాటికి స్టేట్ బ్యాంకు సొంత నిధులు సుమారు 3.77 లక్షల కోట్లు. 2024-25లో ద్రవ్యోల్బణం సగటున 4.6 శాతం. ఆ సొమ్ము కొనుగోలు శక్తి తగ్గకుండా ఉండటానికే ఏడాదిలో 17,000 కోట్ల పైచిలుకు కలపవలెను. ప్రకటించిన 70,901 కోట్ల లాభంలో అంత భాగం వాటాదారుకు కొత్తగా వచ్చినట్టు కాదు.

భాజకం మారితే

లెక్క కట్టేవారు ఎక్కువగా తప్పేది షేర్ల సంఖ్య దగ్గర. 2014 నవంబరులో స్టేట్ బ్యాంకు పది రూపాయల షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది. పాత నివేదికలో 2012-13కు కనిపించే 210 రూపాయల ఆర్జనను 21గా చదువుకోవలెను. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌తో సహా అయిదు అనుబంధ బ్యాంకులు విలీనమైనాయి. పైన ఇచ్చిన పట్టికలో 2016-17 అంకె విలీనానికి ముందుది. విలీనమైన బ్యాంకుల ఖాతాలు కూడా కలిపి చూస్తే ఆ ఏడాది 10,484 కోట్ల లాభం కాక 1,805 కోట్ల నష్టం తేలుతుంది. కనుక పట్టికలోని సగటు నిజానికంటె కొంత ఉదారమైనదే.

షేర్ల సంఖ్యకు అన్నిటికంటె పెద్ద పాఠం అమెరికాలో సిటీగ్రూపు. 2006తో ముగిసిన పదేళ్ళలో ఆ సంస్థకు నష్టం వచ్చిన ఏడాది ఒక్కటీ లేదు. 2006 లాభం 2,100 కోట్ల డాలర్ల పైన, షేరు ధర 55 డాలర్ల దగ్గర. పదేళ్ళ సగటు కట్టినవారికి కూడా ప్రమాదం కనిపించే వీలు లేదు. ఆ పదేళ్ళలో పెద్ద బాకీల సంక్షోభమేదీ దానిని ముంచలేదు గనుక సగటులోకి అది ఎక్కలేదు. 2008లో నష్టం 2,700 కోట్ల డాలర్లు దాటింది. 2009 మార్చిలో షేరు ఒక డాలరు కిందికి పోయింది. ఆ ఏడాది ప్రభుత్వం తన సాయాన్ని షేరు 3.25 డాలర్ల చొప్పున మామూలు షేర్లుగా మార్చుకుంది. 490 కోట్ల దరిదాపుల ఉన్న షేర్లు 2,850 కోట్ల దాకా పెరిగాయి. తరువాత లాభాలు తిరిగి వచ్చినా ఆరుగురు తినవలసిన అన్నం అయింది. సంస్థ మొత్తం లాభాల సగటు పట్టుకుని లెక్క కట్టినవారికి షేరు చౌకగా తోచింది. పాత షేరుదారు చేతికి వచ్చినది అందులో ఆరవ వంతు. 2011 మేలో పది షేర్లను ఒకటిగా కలిపినందున నేటి పట్టికలలో 2006 నాటి ధర 550 డాలర్లుగా కనబడుతుంది.

కొత్త షేర్లు ఏ ధరకు ఇచ్చారన్నదే ముఖ్యం. పుస్తక విలువకు దిగువన ఇస్తే పాత వాటాదారుకు కోత. పైన ఇస్తే అతని పుస్తక విలువ పెరుగుతుంది. 2025 జూలైలో స్టేట్ బ్యాంకు సంస్థాగత మదుపరులకు షేరు 817 రూపాయల చొప్పున 25,000 కోట్ల షేర్లు అమ్మింది. అది పుస్తక విలువకంటె చాలా పై ధర. అప్పటిదాకా 892 కోట్లున్న షేర్లు 923 కోట్లయినాయి. 2025-26 లెక్క నుంచి మొత్తం లాభాన్ని భాగించవలసినది ఈ కొత్త సంఖ్యతోనే.