టాస్‌కి నువ్వు, కామెంటరీకి వాడు

ఫిబ్రవరిలో ఇంటర్-బ్రాంచ్ క్రికెట్ టోర్నమెంట్‌ని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చాం కదా, ఆ డ్యూటీల షీట్ తయారు చేసింది నేనే. కామెంటరీ కాలమ్‌లో నలుగురు అబ్బాయిల పేర్లు. "టాస్, ప్రైజ్ డిస్ట్రిబ్యూషన్" కాలమ్‌లో మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి పేరు. ఆమె షీట్ చూసి ఒకటే అడిగింది. "వీళ్ళలో ఇద్దరికి పాయింట్‌కీ గల్లీకీ తేడా తెలీదు. నాకు తెలుసని నీకు తెలుసు. మరి నన్ను టాస్‌కి ఎందుకు వేశావ్?"

"నీ వాయిస్ బావుంటుంది కదా" అన్నాను. వాయిస్ బావుంటే కామెంటరీకే కదా వెయ్యాలి! అనేశాక గానీ నాకు వెలగలేదు.

సెమీఫైనల్‌లో అయిదు ఓవర్లు ఇచ్చాను. లైవ్ చాట్‌లో వెంటనే మొదలైంది: ఎవరీ అమ్మాయి, స్క్రిప్ట్ చదువుతోందా, మ్యూట్ చేసి చూడండి. ఫైన్ లెగ్‌ని వెనక్కి పంపారు, ఇప్పుడు షార్ట్ బాల్ వస్తుంది అని ఆమె చెప్పింది, వచ్చింది. దానికి చాట్ ఇచ్చిన మార్కులు "లక్కీ గెస్". అదే మ్యాచ్‌లో మావాడొకడు ఫ్రీ హిట్‌కి బౌల్డ్ అయితే "అవుట్!" అని అరిచాడు, అందరూ నవ్వేసి వదిలేశారు. ఫైనల్‌కి నేను ఆమెకి ఒక్క ఓవర్ కూడా ఇవ్వలేదు. ఎందుకంటే, ఫీడ్‌బ్యాక్ బాలేదు.

ఆ తర్వాత ఈ టాపిక్ మీద కొంచెం చదివాను. అదే ఇక్కడ రాస్తున్నా. (నాది ఫస్ట్ క్లాస్ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు తప్పితే క్లబ్ సీనియర్లు క్షమించాలి.)

ముందు ఒక తేడా చూడాలి. టీవీలో మైక్ పట్టుకున్న వాళ్ళందరిదీ ఒకే ఉద్యోగం కాదు. స్టూడియోలో షో నడిపేవాళ్ళు యాంకర్లు. బంతి బంతికీ ఏం జరుగుతోందో చెప్పేవాళ్ళు కామెంటేటర్లు. అది ఎందుకు జరిగిందో చెప్పేవాళ్ళు ఎక్స్‌పర్ట్‌లు, వీళ్ళు ఎక్కువగా మాజీ ప్లేయర్లే. యాంకర్ సీట్లో అమ్మాయిలు ఎప్పట్నుంచో ఉన్నారు. ఎక్స్‌పర్ట్ సీట్లోకి కూడా వచ్చారు. చిక్కంతా మధ్యలో ఉన్న సీటు దగ్గరే.

ఆ మధ్య సీటుకి మనకి బాగా తెలిసిన పేరు హర్షా భోగ్లే. హైదరాబాద్‌లో పెరిగారు, ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆలిండియా రేడియోలో కామెంటరీ మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు 19. అంటే ఇప్పుడు నా వయసు. ఇండియాకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. "నువ్వు ఆడావా?" అన్న ప్రశ్న ఆయన్నీ వదల్లేదు. 2019లో కోల్‌కతా పింక్ బాల్ టెస్టులో సంజయ్ మంజ్రేకర్ లైవ్‌లోనే దాదాపు ఆ మాట అన్నారు, తర్వాత తనదే తప్పని ఒప్పుకున్నారు. అప్పుడు చాలామంది ప్రేక్షకులు హర్ష పక్కన నిలబడ్డారు. దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఆ గొంతు విన్నారు కాబట్టి. ఆయన మీద నమ్మకం డిగ్రీ వల్ల రాలేదు, స్కోర్ కార్డ్ వల్లా రాలేదు. విని విని వచ్చింది.

ఇదే దారిలో ఒక అమ్మాయి వచ్చి ఉంటే? వచ్చారు కూడా. చంద్రా నాయుడు. మన దేశపు మొదటి టెస్ట్ కెప్టెన్ సీకే నాయుడు కూతురు, నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇండోర్‌లో ఇంగ్లీష్ ప్రొఫెసర్. 1977లో బాంబే, ఎంసీసీ మ్యాచ్‌కి కామెంటరీ చెప్పారు. ఇండియాలో మొదటి మహిళా క్రికెట్ కామెంటేటర్ అని ఆమె గురించే రాస్తారు. 2021లో చనిపోయారు. నాకు ఆ పేరు ఈ ఆర్టికల్ కోసం వెతికేదాకా తెలీదు. మీలో ఎంతమందికి తెలుసు?

తర్వాత మన జనానికి గుర్తున్న పేరు మందిరా బేడీ, 2003 వరల్డ్ కప్. అది యాంకర్ సీటు. పక్కన కూర్చున్న మాజీ ప్లేయర్లు తన ప్రశ్నల్ని పట్టించుకునేవాళ్ళు కాదని ఆమే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. మా నాన్నని అడిగితే ఆమె చీరలు గుర్తున్నాయన్నారు, ఒక్క ప్రశ్న గుర్తులేదన్నారు. మయంతి లాంగర్‌ది ఇంకో రకం కథ. 2016లో ఫ్లోరిడాలో వెస్టిండీస్‌తో టీ20లో స్టువర్ట్ బిన్నీ ఒకే ఓవర్‌లో 32 పరుగులిస్తే, ట్విట్టర్‌లో తిట్లు ఆయన భార్య కాబట్టి మయంతికి కూడా పడ్డాయి. అప్పటికి ఆమె 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్, 2011 క్రికెట్ వరల్డ్ కప్ షోలు చేసేసింది. బౌలింగ్ వేసింది మాత్రం ఆమె కాదు.

2015 ఐపీఎల్ కామెంటరీ టీమ్‌లోకి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అంజుమ్ చోప్రా, ఈసా గుహా, లీసా స్థలేకర్, మెల్ జోన్స్. నలుగురూ తమ దేశాలకి ఆడినవాళ్ళే. మన హైదరాబాద్ మిథాలీ రాజ్ 232 వన్డేలు, 7,805 పరుగుల తర్వాత మైక్ పట్టుకుంది. ఆమెని "నీకు క్రికెట్ తెలుసా" అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, బాగుంది. కానీ లెక్క చూడండి. అబ్బాయికి 19 ఏళ్ళు, ఒక మైక్ సరిపోయాయి. అమ్మాయికి ముందు ఇండియా జెర్సీ కావాలి. బీబీసీలో అలిసన్ మిచెల్ లాంటి వాళ్ళు జెర్సీ లేకుండానే రేడియోలో బంతి బంతికీ చెప్తారు, వింటే చాలా హాయిగా ఉంటుంది. అలాంటి పేర్ల కోసం మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది అమెరికా కథ. అక్కడి ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్‌కి మన ఐపీఎల్ అంత పిచ్చి ఉంటుంది. 1987 డిసెంబర్ 27న కాన్సస్ సిటీ, సియాటిల్ మ్యాచ్‌కి గేల్ సియరెన్స్ అనే ఆవిడ ఎన్‌బీసీలో కామెంటరీ చెప్పింది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సీట్లో మొదటి మహిళ. ఆమె ఫ్లోరిడాలో ఒక లోకల్ స్టేషన్ న్యూస్ యాంకర్. మ్యాచ్ బాగానే జరిగింది, ఎన్‌బీసీ మరిన్ని మ్యాచ్‌లు ఇస్తామంది. ఆమె స్టేషన్ వాళ్ళు మాత్రం ఇదో అదో తేల్చుకో అన్నారు. ఆమె జీతం వచ్చే ఉద్యోగాన్నే ఉంచుకుంది. నేనైనా అదే చేసేవాణ్ణి. తర్వాత నేషనల్ టీవీలో ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ మ్యాచ్‌కి ఇంకో మహిళ గొంతు వినపడింది ఎప్పుడో తెలుసా? 2017 సెప్టెంబర్‌లో, బెత్ మోవిన్స్. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు. మోవిన్స్ అప్పటికి 20 ఏళ్ళకి పైగా ఈఎస్‌పీఎన్‌లో కాలేజీ ఆటలకి చెప్తూనే ఉంది.

సీఎస్ఈ వాళ్ళకి ఇది తెలిసిన బగ్గే. రికమెండేషన్ సిస్టమ్స్‌లో కోల్డ్ స్టార్ట్ అంటాం. కొత్త వీడియోకి రేటింగ్ లేదు కాబట్టి ఎవరికీ చూపించం, ఎవరికీ చూపించం కాబట్టి రేటింగ్ రాదు. అల్గారిదమ్ తప్పు చేసినట్టు కూడా కనిపించదు, "డేటా లేదు" అంటుంది అంతే. దీనికి మందు కూడా సిలబస్‌లోనే ఉంది. కొన్ని స్లాట్లు కావాలనే కొత్తవాటికి ఇవ్వాలి, మొదటి నాలుగు క్లిక్కులు చూసి తీసెయ్యకూడదు. సియరెన్స్‌కి దొరికింది ఒక్క మ్యాచ్. నేనిచ్చింది అయిదు ఓవర్లు. కొత్త గొంతు చెవికి అలవాటు కావడానికే అంత టైమ్ పడుతుంది, ఆ టైమ్‌లో పెట్టిన కామెంట్లని నేను ఫీడ్‌బ్యాక్ అనుకున్నాను. హర్షా భోగ్లే మొదటి అయిదు ఓవర్లకి యూట్యూబ్ చాట్ ఉండి ఉంటే ఎలా ఉండేదో!

వచ్చే నెల టోర్నమెంట్‌లో ఏడు మ్యాచ్‌లున్నాయి. కామెంటరీ కాలమ్‌లో ఏడింటికీ ఆమె పేరు వేసి షీట్ పంపాను. టాస్‌కి నా పేరు వేసుకున్నా. "మిడ్స్ ఉన్నాయి, ఆలోచించి చెప్తా" అంది. నిన్న రాత్రి షీట్ ఓపెన్ చేస్తే ఒక మార్పు కనిపించింది. తన పక్కన ఎక్స్‌పర్ట్ సీట్లో ఉన్నవాడి పేరు కొట్టేసి, కామెంట్ పెట్టింది: "ఫ్రీ హిట్ రూల్ చదువుకుని రమ్మను."