పుల్లపురుగు గుడ్డు

పురుగులను పెంచుట కూడ చదువేనా యని ఈ సంవత్సరము పలువురు తల్లిదండ్రులు నన్నడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఆరవ తరగతి పిల్లలు పెంచుచున్న పుల్లపురుగుల గుడ్లు వేసవి సెలవులలో కొందరి యిండ్లకు రానున్నవి. అవి యేమో తెలియక ఎవరైన చీపురుతో ఊడ్చివేసినచో ఆ పిల్లవాని నాలుగు నెలల శ్రమ ఒక్క నిమిషములో పోవును. కావున వానిని గూర్చి నాకు తెలిసినంత వ్రాయుచున్నాను.

ఈ పురుగు పరదేశపుది కాదు. మనము తరతరములుగా నివసించుచున్న ఈ తమిళనాటనే, పళని కొండలలో కొడైకెనాల్ చెంతనున్న శెంబగనూరు దీని పుట్టినిల్లు. అచ్చట దొరికిన పురుగులను పరీక్షించి 1901లో ఫ్రెంచి జెసూయిట్ మతగురువు రోబేర్ ద సినేతీ దీనిని శాస్త్రలోకమునకు ఎరిగించెను. కరౌసియస్ మోరోసస్ అని దీని శాస్త్రనామము. పిమ్మట ఐరోపా ఖండమున పాఠశాలలందును ప్రయోగశాలలందును దీనిని విరివిగా పెంచసాగిరి. మన కొండలలో పుట్టిన ప్రాణిని ఎక్కడనో యున్న బాలురు ఎరుగుదురు గాని మన బాలురు ఎరుగరు. ఇది నాకు కొంత వింతగా తోచును.

పెరిగిన పురుగు 8 మొదలు 10 సెంటీమీటర్ల పొడవుండును. రెక్కలు లేవు. కుట్టదు, కరవదు. పగలెల్ల ఎండుపుల్లవలె కదలక యుండి రాత్రివేళ ఆకు తినును. మన పెట్టెలోని వానికి గులాబి ఆకులు వేయుచున్నాము. మందు చల్లిన ఆకు మాత్రము పనికిరాదు. పెట్టెలో నున్నవన్నియు ఆడువే. ఈ జాతిలో మగపురుగు మిక్కిలి అరుదు. మగదానితో నిమిత్తము లేకయే ఆడుది గుడ్లు పెట్టును; ఆ గుడ్లనుండి మరల ఆడుపిల్లలే పుట్టును. దీనిని అనిషేక జననమందురు.

ఇక గుడ్డు సంగతి. తల్లి దానిని ఎక్కడను దాచదు, అంటింపదు. కొమ్మపై నున్నచోటినుండియే క్రిందికి జారవిడుచును. అందువలన గుడ్లు పెట్టె అడుగున పెంటికలతో కలసి పడియుండును. చూపునకు రెండును ఒక్కటే యనిపించును. గుర్తించు ఉపాయము సులభము. అడుగున పడినదంతయు ఒక కాగితముపై పోసి కాగితమును కొంచెము వంచవలెను. గుండ్రని గుడ్లు దొర్లి క్రిందికి వచ్చును. గరుకుగా నుండు పెంటికలు చాలవరకు ఉన్నచోటనే నిలుచును. గుడ్డు ఆవగింజకంటె కొంచెము పెద్దది, ముదురు గోధుమవన్నెది. ఒక కొనను లేత పసుపువన్నె బొడిపె యొకటి కలదు. ప్రక్కన అలసందగింజ కన్నువంటి మచ్చ కలదు. వెరసి, ఎవరు చూచినను విత్తనమనియే అనుకొందురు.

ఈ పోలిక ఉత్తది కాదు. కొన్ని మొక్కల విత్తనములకు చీమలు ఇష్టపడు కండవంటి భాగముండును. చీమలు విత్తనమును పుట్టలోనికి ఈడ్చుకొనిపోయి, ఆ భాగమును తిని, గింజను విడిచిపెట్టును. పుల్లపురుగుల గుడ్లపై బొడిపెయు ఇట్టిదే. ఆస్ట్రేలియాలోను ఆఫ్రికాలోను కొన్ని పుల్లపురుగు జాతుల గుడ్లను చీమలు ఇట్లే మోసికొనిపోవుట శాస్త్రజ్ఞులు కనుగొనిరి. బొడిపె పోయినను గుడ్డు చెడదు. పైగా మేలే. ఇట్టి గుడ్లకు రంధ్రము చేసి తమ గుడ్డును లోపల పెట్టు చిన్న కందిరీగలు కలవు. పుట్టలోపల నున్న గుడ్డు వాని కంటబడదు. నేలపై పారవేసినట్లు కనబడు గుడ్డునకు ఎంత రక్షణ!

అయితే ఇంటిలోని చీమల సంగతి వేరు. అప్పుడే పుట్టిన పిల్లలను అవి బ్రతుకనీయవు. తీపిపదార్థములకు చేయునట్లే, గుడ్ల డబ్బీని నీరు పోసిన పళ్లెము నడుమ ఒక గిన్నెపై నుంచవలెను. కొండచలువకు అలవడిన జాతి గావున మన వేసవి దీనికి పెద్ద గండము. మంచినీళ్ల కుండ ప్రక్క నీడపట్టు మంచిది. పెంటికలు కలిసియుండినచో బూజు పట్టును. కావున గుడ్లను వేరుచేసి పొడి యిసుకపై ఉంచి, ఎప్పుడైన కొద్దిగా నీటితుంపరలు చల్లిన చాలును. డబ్బీ మూతకు రంధ్రములు అవసరము, కాని మిక్కిలి చిన్నవి.

గుడ్డు పొదుగుటకు సుమారు నాలుగు నెలలు పట్టును. అంతవరకు ఏ మార్పును కనబడదు. పిల్లలకు విసుగు పుట్టునది ఇక్కడనే. చచ్చినవేమో యని పగులగొట్టి చూడబోవుదురు. దయచేసి చేయనీయకుడు. సమయము వచ్చినప్పుడు బొడిపెగల మూత ఊడి, సెంటీమీటరునకు మించిన పొడవుగల పిల్ల మడతలు విప్పుకొనుచు బయటికి వచ్చును. అంత చిన్న గుడ్డులో అంత పొడవు ఎట్లు ఇమిడెనో చూచినవారికి గాని నమ్మిక కలుగదు. ఒక్కొక్కప్పుడు పెంకు కాలికి తగులుకొనియుండును. దానిని లాగరాదు, కొంచెము తడిచేసి విడిచిపెట్టవలెను. ఒకవేళ కాలు పోయినను, పిల్లగా నున్నంతవరకు కుబుసము విడిచినప్పుడెల్ల అది క్రమముగా మరల పెరుగును.

ఒక్క కష్టమైన విషయము మిగిలినది. ఒక్క పురుగు తన జీవితములో కొన్ని వందల గుడ్లు పెట్టును. 300 అనుకొన్నను, అన్నియు బ్రతికి అన్నియు పెట్టినచో మనుమరాండ్ర సంఖ్య 90,000! అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇవి తోటలలో చేరి అలంకారపు మొక్కలను తినివేయుచు బాధ పెట్టుచున్నవి. కావున మిగులు గుడ్లను పెరటిలో పారవేయరాదు. ఫ్రిజ్‌లోని మంచుగడ్డల అరలో రెండు దినములుంచి పిమ్మట పారవేయవలెను. ఇది పాపము కాదాయని ఒక తల్లి అడిగినది. పెట్టిన కొద్ది దినములలోనే ఆ పని చేసినచో లోపల పిల్ల రూపు ఇంకను ఏర్పడియుండదు. పుట్టినపిదప ఆకు లేక మాడిచచ్చుటకంటె ఇదియే నయమని నా అభిప్రాయము. అందువలననే ఒక్కొక్క విద్యార్థికి పది గుడ్లకు మించి ఇచ్చుట లేదు. అవి పెట్టిన నెల డబ్బీపై వ్రాయబడియుండును.